నిద్రపోయారా, నిద్రించారా

ఆస్పత్రిలో పని అంటే మా చర్చి సంఘంలో చాలామంది నన్ను నర్సు అనుకుంటారు. బీపీ చూడమని చెయ్యి చాపుతారు. నేను నర్సును కాను. సికింద్రాబాదులో ఒక ఆస్పత్రి మూడో అంతస్తులో, కిటికీలోంచి మెట్టుగూడ వైపు రైలు పట్టాలు కనిపించే చిన్న గదిలో కూర్చుని ఫోన్లు చేస్తాను. ఇంట్లోనో, బజారులోనో, ప్లాట్‌ఫారం మీదో ఉన్నట్టుండి గుండె ఆగి పడిపోయినవారి వివరాలు పోగుచేసే రిజిస్ట్రీ మాది. పడిపోయినప్పుడు పక్కన ఎవరున్నారు, ఎవరైనా ఛాతీ నొక్కారా, అంబులెన్సు ఎంతసేపటికి వచ్చింది, మనిషి ఇంటికి తిరిగి వెళ్లాడా, వెళ్తే ఇప్పుడెలా ఉన్నాడు. ఇవి అడిగి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని.

ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో మా స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ నాకు చురక వేసింది. పూర్వం ఒక రాజు జనాన్ని లెక్కపెట్టించి దేశం మీదికి తెగులు తెచ్చుకున్నాడట, నువ్వేమో ఏకంగా చచ్చినవాళ్లని లెక్కపెడుతున్నావు, చూసుకో తల్లీ అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట రెండు రోజులు ముల్లులా గుచ్చుకుంది. ప్రార్థనలో పెట్టాను. ఆ రాజు లెక్కపెట్టింది తన బలం చూసుకోడానికి. కాపరి కూడా సాయంత్రం గొర్రెలను లెక్కపెడతాడు, కానీ ఎక్కడ ఏది తప్పిపోయిందో తెలుసుకుని వెనక్కి వెళ్లడానికి. మాది ఆ రెండో లెక్క అని నాకు నెమ్మది కలిగింది. ఆవిడకీ అదే చెప్పాను. "సరేలే, నా పేరు మాత్రం అందులో ఎక్కించకు" అంది.

వెనక్కి వెళ్లడం అంటే ఏమిటో ఆ ఫోన్ల వల్లే తెలిసింది. మన వీధుల్లో మనిషి పడిపోతే జనం చేరడానికి ఆలస్యం ఉండదు. నీళ్లు చల్లుతారు, అరికాళ్లు రుద్దుతారు, ఫిట్స్ అనుకుని గుప్పిట్లో తాళంచెవులు పెడతారు. ఛాతీ మీద చెయ్యి వేసేవాళ్లు మాత్రం తక్కువ. ఎందుకు వెయ్యలేదని మెల్లగా అడిగితే ఇంటింటా ఒకటే జవాబు వచ్చేది. "గురక పెడుతున్నాడండీ. ఊపిరి ఆడుతోంది కదా అనుకున్నాం." అది గురక కాదు. గుండె ఆగాక కాసేపు గొంతులోంచి వచ్చే ఎగఊపిరి. వినడానికి అచ్చం గురకలాగే ఉంటుంది. ఈ జవాబు ఏ వీధులనుంచి ఎక్కువగా వస్తోందో చూసి, మా రిజిస్ట్రీ నడిపే డాక్టరమ్మ ఆ వీధులకే వెళ్లి ఛాతీ నొక్కడం నేర్పేది. నేర్పేముందు మైకులో తనే ఆ గురక పెట్టి వినిపించేది. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. నవ్వినా సరే, గుర్తుండిపోతుంది కదా అనేది.

గురక ఒక మాట అయితే, మమ్మల్ని తిప్పలు పెట్టిన మాట ఇంకొకటుంది.

చనిపోయారు అని తిన్నగా ఎవరూ చెప్పరు. కాలం చేశారంటారు, పోయిండంటారు, దేవుడి దగ్గరికి వెళ్లారంటారు. ముస్లిం ఇళ్లలో ఇంతెకాల్ అయిందంటారు. మా విశ్వాసుల ఇళ్లలో అయితే ప్రభువునందు నిద్రించారంటారు. నాతోపాటు ఫోన్లు చేసే అమ్మాయి వరంగల్ వైపునుంచి వచ్చింది, మా ఆచారాలు తెలియవు. ఒకసారి అటువైపు ముసలాయన "నిద్రించిందమ్మా" అంటే, ఈ పిల్ల "పర్లేదు సార్, లేవంగనే చేస్త" అని పెట్టేసింది. ఫోను పెట్టాక నవ్వుతూ నాకు చెప్పింది. నేను ఆ మాటకు అర్థం చెప్పేసరికి దాని మొహం నల్లబడిపోయింది, మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. ఊరుకో, నీకంటే ముందు శిష్యులే ఇదే పొరపాటు పడ్డారు అని ఓదార్చాను. బేతనియలో చనిపోయిన స్నేహితుణ్ణి గురించి ప్రభువు నిద్రపోతున్నాడని చెబితే, నిద్రపడితే మంచిదే, బాగుపడతాడు అన్నారు వాళ్లు. ఆ రోజునుంచి ఆ పిల్ల పాఠం గట్టిగా పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో నాకు తర్వాత తెలిసింది.

రెజిమెంటల్ బజార్‌లో లేసులు, బొత్తాలు, దారాలు అమ్మే ఒక షాపుంది. షాపాయన ముస్లిం, యాభై దాటినవాడు, ఇంట్లోనూ బజారులోనూ మాట్లాడేది తెలుగే. ఒక పొద్దున ఆయన కౌంటరు ముందు ఒక గిరాకీ నిలబడి లేసు చూస్తూ చూస్తూ కూలిపోయాడు. సీతాఫల్‌మండిలో ఉండే పెద్దాయన, గుంటూరు వైపునుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవుడు, గుడి బల్ల మీద పరిచే గుడ్డకు అంచు కొనడానికి వచ్చాడు. జనం చేరారు. గురక పెడుతున్నాడు, లేపకండి అన్నారు. షాపాయన అంతకు కొద్దికాలం ముందే బజారులో డాక్టరమ్మ మైకులో పెట్టిన గురక విని ఉన్నాడు. అందరినీ తోసేసి మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. వాళ్లు షాక్ ఇచ్చి, గుండె కొట్టుకుంటోందని చెప్పి ఎక్కించుకుపోయారు. ఏ ఆస్పత్రికి పోతున్నారో ఆ గందరగోళంలో ఈయన అడగలేదు.

నేను వివరాలకోసం వెళ్లినప్పుడు నా ప్రశ్నలకు జవాబులు చెబుతూనే ఉన్నాడు గాని చూపు తన చేతుల మీదే ఉంది. చివరికి అడిగాడు.

"మేడం, బతికిండా?"

ఇంకొకరి ఆరోగ్యం సంగతి ఇంటివాళ్ల అనుమతి లేకుండా చెప్పకూడదు. అదే చెప్పాను. తల ఊపాడు. తర్వాత గొంతు తగ్గించి, "నొక్కుతుంటే నా చేతుల కింద పటుక్కుమన్నది. ఎముకనే అది. గా చప్పుడు పోతలేదు. నమాజుల సుత అదే ఇనబడతది" అన్నాడు.

పక్కన స్టీలు సామాన్ల కొట్టాయన ఊరుకునే రకం కాదు. "లేసు కొననీకొస్తే ఎముకలిరగ్గొట్టి పంపినవ్ గదా భాయ్. ఇగ నీ షాపుకు ఎవరొస్తరు" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు, కానీ అది విన్న షాపాయన నవ్వలేదు. సరిగ్గా నొక్కితే పక్కటెముకలు విరగడం మామూలే, దానివల్ల మనిషి పోడు అని డాక్టరమ్మ మాకు చెప్పిన మాట ఆయనకు చెప్పాను. వింటున్నట్టే ఉన్నాడు గాని లోపలికి పోలేదు. ఆయనకు కావలసింది వైద్యం సంగతి కాదు. ఆ మనిషి ఉన్నాడా, తన చేతుల్లో పోయాడా, అదొక్కటే. బజారు సంఘంవాళ్లు ఇంకో శిక్షణ పెట్టి ఈయన చేతే చేయించి చూపించాలనుకుంటున్నారు. ఆ పెద్దాయన సంగతి తెలిశాకే ఏ మాటా చెబుతానని వాళ్లను ఆపి ఉంచాడు.

ఆ తర్వాత నేను అటు వెళ్లినప్పుడల్లా అడిగేవాడు కాదు, మొహం చూసేవాడు. పెద్దాయన ఆస్పత్రిలోనే ఉన్నాడని మాత్రం మాకు తెలుసు. తర్వాత డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లాడని కూడా తెలిసింది. ఇంటికి వెళ్లిన కొన్ని వారాలకు ఎలా ఉన్నారో అడగడం మా పద్ధతి, షాపాయనకు చెప్పడానికి అనుమతి కూడా అప్పుడే అడుగుదామనుకున్నాను. ఆ ఫోను వంతు వచ్చిన రోజు మాకు ఉపవాస కూడిక, నేను సెలవు పెట్టాను.

మర్నాడు వచ్చి కంప్యూటరు తెరిస్తే ఆ పెద్దాయన పేరు ఎదురుగా మరణం అని ఉంది.

వరంగల్ పిల్లను అడిగాను. భార్య ఎత్తిందట. ఎలా ఉన్నారమ్మా అంటే, రాత్రంతా బాధపడ్డారు, ప్రభువు దయవల్ల ఇప్పుడే ప్రశాంతంగా నిద్రపోయారు అందట. "అక్కా, అప్పుడే పోయిండంట, నేను అదే టైముకు చేసిన. ధైర్యంగ ఉండుండ్రమ్మా అని పెట్టేసిన" అంది. దాని కళ్లు అప్పటికీ ఎర్రగానే ఉన్నాయి. నాకు అనుమానం రాలేదు. ప్రభువు, దయ, ప్రశాంతంగా, నిద్ర. ఈ మాటలన్నీ ఒకచోట నేను సమాధి కార్యక్రమాల్లోనే విన్నాను.

ఆ రోజంతా నాకు పని సాగలేదు. నేను చూడని మనిషి ఆయన. అయినా గుడి బల్లకు అంచు కొనడానికి వెళ్లిన మనిషి అన్న ఒక్క సంగతి చాలు, ఆయన మా వరసలో బెంచీ మీద కూర్చునే మనిషిలాగే అనిపించాడు. ఇంత చేసి ఎందుకు ప్రభువా అని అడిగాను. అడగడం మానలేదు.

సాయంత్రం దారం కొనే పని ఉండి రెజిమెంటల్ బజార్‌కు వెళ్లాను. ఆ షాపుకి పోకుండా పక్క సందులో కొందామనుకున్నాను గాని ఆయన దూరంనుంచే చూశాడు. నేనేమీ చెప్పలేదు. చెప్పకూడదు కూడా. ఆయన నా మొహం చూసి చేతిలో ఉన్న లేసు చుట్ట కింద పెట్టాడు.

"చెప్పొద్దు మేడం. సమజైంది."

ఆయన కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి, "బజారోళ్లకు చెప్పేస్త, నేను చెయ్యనని. ఇగ ఈ చేతులు ఒకరి మీద పెట్టేది లేదు" అన్నాడు. కోపంగా కాదు, ఎవరితోనో ఒప్పందం చేసుకున్నట్టు అన్నాడు. నేను ఇంటికి వచ్చి మోకరించినప్పుడు ఆ పెద్దాయన భార్య ఆదరణ కోసం ప్రార్థించాను. తర్వాత ఈయన చేతులకోసం ప్రార్థించాను. చేతులకోసం ప్రార్థించడం నాకు అదే మొదటిసారి.

మరణం అని ఎక్కించిన ప్రతి ఇంటికీ ఇంకోసారి ఫోను చేయాలి. ఎక్కడ పోయారు, మళ్లీ గుండె ఆగిందా, వేరే కారణమా అని అడగాలి. అందరికీ కష్టమైన ఫోను అది. ఈ ఇంటిది నేను చేస్తానన్నాను. విశ్వాసుల ఇల్లు కదా, మా మాటలతో ఓదార్చవచ్చనుకున్నాను. ముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని నంబరు నొక్కాను. ఒక మగ గొంతు పలికింది. కొడుకో, బావమరిదో అనుకున్నాను.

"వందనాలండీ. ప్రభువు మీ కుటుంబాన్ని ఆదరించును గాక."

"ఆమేన్" అన్నాడాయన. కాస్త ఆగి, "ఏమైందమ్మా, ఎవరు పోయారు?"

నేను తడబడి, ఏ ఆస్పత్రినుంచి చేస్తున్నానో చెప్పి, పెద్దాయన పేరు చెప్పి, మీరు వారికి ఏమవుతారండీ అని అడిగాను.

"ఏమవటమేమిటమ్మా. నేనే ఆయన్ని."

ఆయన అటువైపు "హలో, హలో" అంటున్నాడు. తర్వాత దూరంగా, "ఇదిగో, ఎవరో ఆస్పత్రినుంచి, ఫోనుచేసి ఏడుస్తోంది, నువ్వు మాట్లాడు" అనడం వినిపించింది. అప్పుడు తెలిసింది నేను ఏడుస్తున్నానని.

భార్య ఫోను తీసుకుంది. నేను ఎలాగో సంగతి చెప్పాను. ఆవిడకు అర్థం కావడానికి కొంచెం పట్టింది. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేక భర్తకు చెప్పింది, ఆయనా నవ్వాడు, వెంటనే అబ్బా అన్నాడు. పక్కటెముకలు ఇంకా అతుక్కుంటున్నాయి. వాటి నొప్పి వల్లే రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదట. ఆ రోజు తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లి, ఫోను రావడానికి కొంచెం ముందే కన్ను మూతపడిందట. "మీ అమ్మాయి ధైర్యంగా ఉండమ్మా అంటే, ఎంత మంచి పిల్లో, నా కష్టం కనిపెట్టింది అనుకున్నా" అంది ఆవిడ.

బైబిల్లో, సమాజమందిరపు అధికారి ఇంట్లో పిల్ల చనిపోయిందని అందరూ ఏడుస్తుంటే, నిద్రపోతోందని ప్రభువు చెప్పాడు. ఆ మాటకు అక్కడివాళ్లు ఆయన్ని అపహసించారు. చిన్నప్పటినుంచి ఆదివారపు బడిలో ఆ భాగం చదువుతూ, ఎంత మూర్ఖులో అనుకునేదాన్ని. నిద్రను నిద్ర అని చెప్పినా నమ్మని ఏడ్పులవాళ్లలో ఈసారి నేనూ ఉన్నాను. అలా ఉన్నందుకు ఆ రోజు నాకు సిగ్గు కూడా వెయ్యలేదు, అంత తేలికైంది మనసు.

వరంగల్ పిల్ల మొదట నమ్మలేదు. నమ్మాక నా మీద పడింది. "నువ్వే చెప్పినవ్ గదక్కా, మీవోళ్లు నిద్రంటే పోయినట్టే అని. ఇప్పుడు మీవోళ్లు పడుకుంటే ఏమంటరు మరి?" డాక్టరమ్మ అంతా విని మందలించలేదు. ఎలా ఉన్నారు అన్న ప్రశ్ననే తీసేయించింది. ఆయన తనంతట తాను నడుస్తున్నారా, ఒకసారి ఫోను ఆయనకు ఇవ్వగలరా అని అడగమంది. అంతకుముందు ఆ పిల్ల మరణం అని ఎక్కించిన, ఇంకా రెండో ఫోను వెళ్లని మావాళ్ల ఇళ్లన్నిటికీ నన్ను మళ్లీ ఫోను చేయమంది. ప్రతి నంబరూ ఆశతో నొక్కాను. మిగతావాళ్లంతా నిజంగానే నిద్రించారు. ఆ ఫోన్లు చేశాక, దొరికిన ఆ ఒక్కరి విలువ ఇంకా తెలిసింది.

తన ఛాతీ నొక్కింది ఎవరని పెద్దాయనే అడిగాడు. ఆయనకు ఆ రోజు సంగతి ఏదీ గుర్తులేదు, బజారుకు వెళ్లినట్టు కూడా. షాపాయన మీ గురించి అడుగుతున్నాడు, చెప్పవచ్చా అంటే, "మీరెందుకు చెప్పటం, నన్నే మాట్లాడనివ్వండి" అన్నాడు.

మధ్యాహ్నం గిరాకీ పలచగా ఉన్న వేళ షాపుకి వెళ్లాను. నన్ను చూసి షాపాయన లేచి నిలబడ్డాడు. ఏమీ చెప్పకుండా ఫోను కలిపి ఆయన చేతిలో పెట్టాను. చెవి దగ్గర పెట్టుకున్నాడు. అటువైపు ఏమన్నారో నాకు వినిపించలేదు గాని, ఈయన మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు "జీ, జీ" అంటూనే ఉన్నాడు. తర్వాత అన్నాడు.

"మాఫ్ చేయుండ్రి సార్. జెర గట్టిగనే నొక్కిన."

అటునుంచి వచ్చిన జవాబుకి ఈయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనకనుంచి తెలియలేదు. ఫోను నాకిచ్చాక చెప్పాడు. నవ్విస్తే కేసు పెడతానన్నాడట పెద్దాయన, నవ్వితేనే నొప్పంట.

స్టీలు సామాన్ల కొట్టాయన అప్పటికే గడపలో నిలబడి ఉన్నాడు. ఏమైంది భాయ్ అంటే, షాపాయన ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "శిక్షణ పెట్టుమని చెప్పు బజారోళ్లకు. ముందు నీకే నేర్పిస్త. ఆ పొట్ట చూస్తుంటే రేపు నువ్వే పడేటట్టున్నవ్" అన్నాడు. కొట్టాయన పొట్ట లోపలికి పీల్చుకుని, "నా ఎముకలకు నువ్వు దూరముండు" అని వెళ్లిపోయాడు.

నేను బయల్దేరబోతుంటే షాపాయన వెనక్కి పిలిచాడు. మొహంలో ఏదో సందేహం.

"మేడం, మీరు గ్రంథం చదివినోళ్లు, అడుగుత. ఆ దినం మీ మొహం చూసినంక, ఆయన పోయిండనుకుని నేను దువా చేసిన. గుజిరినోళ్లకు, పోయినోళ్లకు చేసే దువా. అల్లా మాఫ్ చెయ్యాలె, ఖబర్‌ల చల్లగ ఉంచాలె అని. బతికున్న మనిషికి చేసిన. ఏమన్న అయితదా ఆయనకు?"

మా సంఘంలో చనిపోయినవారి కోసం ప్రార్థించరు, ఉన్నవారికోసమే ప్రార్థిస్తాం. దానిమీద గంటసేపు బోధ చెప్పగలను. ఆ స్టూలు పక్కన నిలబడి నాకు బోధ చెప్పబుద్ధి కాలేదు. ఆదరణ కోసం నేను చేసిన ప్రార్థన కూడా ఆ ఇంటికి పోయి, ఎవరినీ ఓదార్చే పనిలేక ఎక్కడో కూర్చుని ఉంటుంది.

"ఏం కాదు భాయ్" అన్నాను. "ఆయన బతికే ఉన్నాడని దేవుడికి మనకంటే ముందే తెలుసు. మీ దువా పక్కన దాచి పెట్టి ఉంటాడు. ఎప్పటికైనా పనికొచ్చేదే కదా."

ఆయన తల ఊపాడు. "అట్లయితే ఇంక చాలా ఏండ్లు దాచి పెట్టమని చెప్పుండ్రి" అన్నాడు.

చెబుతానన్నాను. ఆ రాత్రి చెప్పాను కూడా.